నా కౌంటర్ ఖాళీ, పక్క కౌంటర్‌లో లైను

ఎనిమిదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పినప్పుడు మా మాస్టారు, "ఒరేయ్ సత్తిబాబూ, నువ్వు బస్తాలు మొయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరావురా" అన్నారు. ఆయనకు జ్యోతిష్యం కూడా వచ్చునని టెక్సాస్ వచ్చాక గాని నాకు తెలియలేదు. ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రాసరీ స్టోరులో చేరిన మొదటి రోజు సాయంత్రం దాకా లారీలోంచి ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచులు దించాను. తర్వాత కౌంటర్‌లో నిలబెట్టారు. లెక్కలు తప్పినవాడి చేతికి డబ్బుల పెట్టె ఇస్తున్నారేమిటని నేనే భయపడ్డాను. లెక్క మిషను చూసుకుంటుంది, మనం చెయ్యాల్సిందల్లా బియ్యం కింద, గుడ్లు పైన పెట్టడమేనని ఓనరు గారు ధైర్యం చెప్పారు. అది కూడా తప్పాను. ఎవరి గుడ్లో ఇప్పటికీ గుర్తే.

ఈ మధ్యనే రిటైరయ్యాను. స్టోరులో కొత్తగా చేరిన పిల్లలు, "అంకుల్, ఏవైనా టిప్స్ చెప్పండి" అని అడుగుతున్నారు. ఏ కూరగాయకి ఏ నంబరు కొట్టాలో మీకు స్క్రీనే చెబుతుంది. అది చెప్పనివి రాస్తాను. ఇందులో సగం నా కడుపుమంట. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనుకోవద్దు.

నోటి లెక్క, బండి లెక్క

కొత్తగా ఈ దేశం వచ్చినవాడు అపార్ట్‌మెంట్ అద్దె ఎంతని అడిగాక అడిగే రెండో ప్రశ్న, "నెలకి గ్రాసరీకి ఎంతవుతుంది?" దీనికి జవాబు చెప్పేది ఎప్పుడూ మగవాళ్లే. వాళ్ల అంకె గుండ్రంగా ఉంటుంది. నాలుగొందలంటారు, మరీ నిజాయితీపరుడైతే ఐదొందలంటాడు.

ఆ అంకెలో మా స్టోరు బిల్లు ఉంటుంది, అదీ గుర్తున్నంత వరకు. హోల్‌సేల్ క్లబ్బులో తెచ్చిన పాలు, చికెన్, నూనె డబ్బా అందులో ఉండవు. పిల్లల చీజు, సీరియల్ ఉండవు. మెక్సికన్ మార్కెట్‌లో చవగ్గా దొరికాయని తెచ్చి, సగం మొలకలొచ్చాక పారేసిన ఉల్లిపాయలు ఉండవు. వేసవిలో మామిడిపళ్ల పెట్టెలు ఉండవు, అవి గ్రాసరీ కాదట, సరదా అట. శుక్రవారం సాయంత్రం నలుగురొస్తే కొన్న ఫ్రోజెన్ సమోసాలు పార్టీ ఖాతా. ఇలా ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే నాలుగొందలేం ఖర్మ, నలభై డాలర్లకి కూడా సంసారం నడపొచ్చు.

నా ముందు నుంచి వెళ్లిన బళ్లను బట్టి నేను చెప్పేది ఒకటే. మొగుడు చెప్పిన అంకెకి ఇంకో సగం కలుపుకోండి. పెళ్లాం చెప్పిన అంకెకి ఏం కలపాలో నాకు తెలియదు, ఎందుకంటే ఆడవాళ్లు అంకె చెప్పరు. నవ్వి ఊరుకుంటారు.

మా ఇంటి సంగతి వేరు. మా ఇద్దరికీ నెలకి మూడొందలు దాటేది కాదు. స్టోరులో నాకు ఎంప్లాయీ డిస్కౌంట్ ఉండేది కదా. నాకు సెలవు మంగళవారం. ఆ రోజు మా ఆవిడ వరలక్ష్మి, "వారమంతా నిలబడే ఉంటారు, ఇవాళైనా కాళ్లు చాపుకుని కూర్చోండి" అని నన్ను సోఫాలో కూర్చోబెట్టి, తనే కారు తీసుకుని మా స్టోరుకే వెళ్లి సరుకులు తెచ్చేది. ఆ మూడొందలలోనే మా ఇంట్లో ఆవునెయ్యి, జీడిపప్పు, సీజన్ వస్తే బంగినపల్లి పెట్టె మీద పెట్టె. డిస్కౌంట్ మహిమ అంటే ఇదీ అని పదిమందికి చెప్పుకుని తిరిగాను. వరలక్ష్మి ఇంట్లో ఇద్దరు చంటిపిల్లలకి బేబీ సిట్టింగ్ చేసేది. ఆ డబ్బేమవుతోందని నేనెన్నడూ అడగలేదు. చదువు లేకపోయినా ఆపాటి సంస్కారం ఉంది నాకు.

రెండో కౌంటర్

మా స్టోరులో రెండు కౌంటర్లు. మొదటిది నాది. రెండోది విజయక్కది. ఆవిడది నిజామాబాదు. నాకంటే చిన్నది, కానీ ఊరంతా అక్కా అంటుంటే నేనొక్కణ్ణే అమ్మాయీ అంటే బాగుండదని నేనూ అక్కా అనేవాణ్ణి. ఆవిడ నన్ను అన్నా అనేది. అలా ఒకరికొకరం పెద్దవాళ్లమైపోయాం.

నేను బండి రాగానే కబుర్లు మొదలుపెడతాను. కాకరకాయలు కొంటే, "షుగరు ఆయనకా, మీకా" అంటాను. పది ప్యాకెట్ల పాప్‌కార్న్ కొంటే, "అత్తగారు ఊరెళ్లారా" అంటాను. జనం పగలబడి నవ్వుతారు. విజయక్క ఏమీ మాట్లాడదు. మిషను పీక్ పీక్ మనడం, సంచి గరగరమనడం తప్ప ఆవిడ కౌంటర్ దగ్గర ఇంకో చప్పుడుండదు. అయినా శనివారం ఆవిడ లైను పప్పుల వరస దాటి అగరొత్తుల దాకా పోయేది. నా ముందు ఈగ కూడా ఉండేది కాదు.

ఒకసారి ఆ లైను చివర నిండు బండితో నిలబడ్డ ఒకావిడని పిలిచాను.

"ఇటు రండమ్మా, ఇక్కడ కూడా డాలర్లే తీసుకుంటాం."

"పర్లేదు అంకుల్, వెయిట్ చేస్తాను."

"ఎంతసేపు చేస్తారు? మీ కొత్తిమీర ముసలిదైపోతుంది."

నవ్వింది. కదల్లేదు.

అసూయ అంటే ఏమిటో నాకు ఆ స్టోరులోనే తెలిసింది. ఆవిడ ఏమైనా ధర తగ్గిస్తోందేమోనని ఓ కన్నేసి ఉంచాను. పైసా తగ్గించలేదు. మరేం చేస్తోంది? కొన్ని వారాలు చూశాక కనిపెట్టాను. ఒకరి సరుకులు ఇంకొకరివాటితో కలవకుండా బెల్టు మీద అడ్డంగా పెట్టే ప్లాస్టిక్ కడ్డీ ఉంటుంది చూడండి, దాన్ని ఆవిడ ఒకే బండి సరుకుల మధ్య పెడుతుంది. కడ్డీకి ఇటువైపు సరుకులకి ఒక బిల్లు, అది కార్డు మీద. అటువైపు సరుకులకి ఇంకో బిల్లు, అది నగదు. కార్డు బిల్లు ఇంటికెళ్లి ఫ్రిజ్ మీద కూర్చుంటుంది. నగదు బిల్లు మా స్టోరు గుమ్మం పక్కన చెత్తబుట్టలోకి వెళ్తుంది. ఆడవాళ్లు అడగాల్సిన పని కూడా లేదు. మొహం చూసి ఆవిడే కడ్డీ పెట్టేది.

"విజయక్కా, ఒక్క బండికి రెండు బిల్లులెందుకు? కాగితం దండగ" అన్నాను.

"వాళ్ల బండి, వాళ్ల పైసలు. నీకేంది అన్నా."

ఇంటికెళ్లి ఈ మాట చెబితే వరలక్ష్మి, "ఆవిడ నోరు మంచిది లెండి" అంది.

"నోరు తెరిస్తే కదా మంచిదో కాదో తెలిసేది" అన్నాను.

"అందుకే మంచిదంటున్నా" అంది. కట్టుకున్నది కూడా అటే అయితే మనిషి ఎక్కడికి పోతాడు చెప్పండి.

బియ్యం వారం

మన దేశం బియ్యం ఎగుమతి ఆపిందని వార్త వచ్చిన వారం మీరు చూసి ఉండాల్సింది. ఇంటికి ఒక్క సంచే అని ఓనరు గారు బోర్డు పెట్టారు. ఆ రోజు లాస్ కొలీనాస్ ఆఫీసుల్లో ఎవరూ పని చేసి ఉండరు, అందరూ మా పార్కింగ్ లాట్‌లోనే ఉన్నారు. నా లైనులో మొగుడు, విజయక్క లైనులో పెళ్లాం, ఇద్దరి చేతుల్లో చెరో సంచి. ఒకరినొకరు ఎరగనట్టు నిలబడ్డారు. వాళ్ల నాలుగేళ్ల పిల్ల మాత్రం మధ్యలో నిలబడి, "మమ్మీ, డాడీ అక్కడున్నాడు" అని అరుస్తూనే ఉంది.

"ఎవరి పాపండీ, పాపం తప్పిపోయినట్టుంది" అన్నాను ఆయనతో.

ఆయన చెమటలు తుడుచుకున్నాడు. లైనంతా నవ్వింది. విజయక్క ఆవిడ సంచికి బిల్లు కొట్టి, పిల్ల చేతిలో ఒక చాక్లెట్ పెట్టి పంపించింది. మరుసటి వారం నుంచి ఆ దంపతులిద్దరూ ఏ లైనులో నిలబడ్డారో మీకు చెప్పక్కర్లేదు.

ఒక్క కౌంటరే

అప్పుడే ఓనరు గారు మమ్మల్నిద్దరినీ వెనక గదిలోకి పిలిచారు. ఎవరి బిల్లు వాళ్లే కొట్టుకుని పోయే మిషన్లు తెప్పిస్తున్నారట. మనిషి ఉండే కౌంటరు ఒక్కటే మిగులుతుంది. దీపావళి దాకా చూస్తాను, ఎవరి లైను బాగుంటే వాళ్లకే ఆ కౌంటరు, ఇంకొకరు కూరగాయల వైపు వెళ్లాలి అన్నారు.

కూరగాయలంటే తెల్లవారకముందే డాలస్ హోల్‌సేల్ మార్కెట్‌కి వ్యాన్ నడపాలి, కూలర్‌లోంచి పెట్టెలు మొయ్యాలి. ఆ వయసులో నా నడుము దానికి ఒప్పుకోదు. అంతకంటే పెద్ద బాధ ఇంకోటుంది. మాట్లాడకపోతే నేను బతకలేను. వంకాయలతో ఎంతసేపని మాట్లాడతాం? నాకు ఆ కౌంటర్ కావాలి.

కొసరు ఐడియా అలా వచ్చింది. ఊళ్లో కూరలు కొంటే కరివేపాకు ఊరికే ఇస్తారు కదా. ఇక్కడ దాన్ని చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి డబ్బులకి అమ్ముతాం, అది ప్రతి తెలుగువాడికీ కడుపులో ముల్లు. నా కౌంటర్‌కి వచ్చినవాళ్లకి ఒక సంచి కరివేపాకు నా జేబులోంచి కట్టి ఉచితం అని ప్రకటించాను. ఆ శనివారం జనం వచ్చారు, రాలేదనను. విజయక్క దగ్గర బిల్లు కట్టేసి, సంచులు పట్టుకుని నా దగ్గరికొచ్చి, "అంకుల్, కరివేపాకు ఇచ్చేది ఇక్కడేనా" అని అడిగారు.

నాలుగొందల ప్రవీణ్

హారిక అని ఒకమ్మాయి ప్రతి శనివారం వచ్చేది. ఎప్పుడూ విజయక్క లైనే. ఎప్పుడూ బండిలో ప్రతిదీ రెండేసి. కందిపప్పు రెండు, నూనె రెండు, బియ్యం సంచులు రెండు. మధ్యలో కడ్డీ. పక్క కౌంటర్‌లో పనిలేకుండా నిలబడ్డవాణ్ణి, ఇవన్నీ చూడక ఏం చేస్తాను.

ఒక శనివారం విజయక్క భోజనానికి వెళ్లింది. హారిక బండి తోసుకుంటూ వచ్చి, రెండో కౌంటర్ మూసి ఉండటం చూసి ఆగిపోయింది. ఆ రోజు తోడుగా భర్త ప్రవీణ్ కూడా వచ్చాడు. బెంటన్‌విల్‌లో కాంట్రాక్ట్ అయిపోయి ఇర్వింగ్‌కి మారిన ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని, స్టోరు చూపిస్తున్నాడు.

"మనం తర్వాత వద్దాం" అంది హారిక.

"ఈ కౌంటర్ ఖాళీగానే ఉందిగా" అని ప్రవీణ్ బండిని నా వైపు తిప్పాడు. నా ఆనందం ఏమని చెప్పను.

సరుకులు బెల్టు మీద పెడుతూ అతను ఆ కుర్రాడికి చెబుతున్నాడు. "గ్రాసరీస్ పెద్ద ఇష్యూ కాదు బ్రో. మాకు మంత్లీ ఫోర్ హండ్రెడ్, మాక్స్. ప్రాపర్‌గా ప్లాన్ చేస్తే చాలు."

వెనక అరడజను మంది నిలబడి ఉన్నారు. అంతమంది నా లైనులో నిలబడి ఎన్నాళ్లయిందో. వాళ్లని నవ్వించాలి, ఇకముందు కూడా ఇటే రప్పించాలి. నోరు ఆగలేదు.

"నాలుగొందలు ఒక బిల్లేమో బాబూ. వారం వారం రెండో బిల్లు కూడా ఉందిగా, అది ఎదురింటివాళ్లు కడుతున్నారా?"

లైను ఘొల్లుమంది. ప్రవీణ్ కూడా నవ్వాడు. తర్వాత నవ్వు సగంలో ఆపి భార్య వైపు చూశాడు.

"సెకండ్ బిల్లేంటి?"

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"కాదు, ఏ బిల్లు?"

హారిక బెల్టు మీదున్న రెండో బియ్యం సంచిని పక్కకి నెట్టింది. రెండో పప్పు, రెండో నూనె కూడా తీసి దాని పక్కన పెట్టింది. "ఇవి వద్దంకుల్" అంది. నా మొహం చూడకుండానే అంది.

విజయక్క భోజనం చేసి వచ్చేసరికి అవి అక్కడే ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టింది.

"ఇవి హారికయి గదా. ఇడిసిపెట్టి పోయిందా?"

జరిగింది చెప్పాను. జోకు కూడా మళ్లీ చెప్పాను, కొంచెం మెరుగుపెట్టి. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు.

"నువ్వు నవ్విచ్చినవ్, మంచిదే. ఈ బియ్యం ఎవలింటికి పోవాల్నో ఎరుకనా నీకు?"

"ఎవరింటికి?"

"నేన్జెప్ప."

తన డబ్బులు కట్టి ఆ సరుకులన్నీ తన కారులో పెట్టుకుంది. సాయంత్రం డ్యూటీ దిగాక హైవే ఎక్కకుండా వెనక అపార్ట్‌మెంట్ల వైపు తిప్పడం చూశాను.

ఆ తర్వాత రెండు శనివారాలు హారిక రాలేదు. ఆ రెండు వారాలూ నాకు గుడ్లు పైన పెట్టాలో కింద పెట్టాలో కూడా తోచలేదు. మూడో శనివారం ప్రవీణ్ ఒక్కడే వచ్చాడు. బండి నిండా సరుకులు, ప్రతిదీ రెండేసి. నా కౌంటర్ ఖాళీ. నన్ను దాటుకుని వెళ్లి విజయక్క లైను చివర నిలబడ్డాడు. తన వంతు వచ్చినప్పుడు ఆవిడ అలవాటుగా కడ్డీ చేతిలోకి తీసుకుంది.

"వద్దక్కా. అన్నీ కలిపి ఒకటే బిల్లు కొట్టండి" అన్నాడు.

తర్వాతెప్పుడో నేను సిగ్గు విడిచి సారీ చెబితే అతనే విషయం చెప్పాడు. హారిక చెల్లెలు, ఆ చెల్లెలి మొగుడు కూడా ఆ వెనక అపార్ట్‌మెంట్లలోనే ఉండేవారు. ఆ అబ్బాయి ప్రాజెక్ట్ పోయింది. వీసా గడువులోపల ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం విడవాలి. ప్రవీణ్‌కీ ఆ తోడల్లుడికీ అంతకుముందు ఏదో మాటపట్టింపు వచ్చి, పలకరింపులు లేవు. చెల్లెలింట్లో వంటకి సరుకుల్లేవని హారికకి తెలుసు. మొగుడికి చెబితే ఒప్పుకోడు, చెల్లెలి మొగుడికి తెలిస్తే ముట్టుకోడు. అందుకే వారాంతంలో పిల్లలకి ట్యూషన్లు చెప్పిన డబ్బుతో రెండో బిల్లు కట్టేది. నా జోకు తర్వాత ఆ ఇంట్లో రెండు వారాలు పెద్ద గొడవ జరిగింది. మూడో వారం ప్రవీణ్ వెళ్లి తోడల్లుడి తలుపు తట్టాడు. ఆ అబ్బాయికి గడువులోపలే అల్ఫారెట్టాలో ఉద్యోగం దొరికింది, వెళ్లిపోయారు.

కథ మంచిగా ముగిసింది కదా అంటారేమో. నాకు మాత్రం ఇప్పటికీ మండేది ఒకటుంది. మంట పెట్టింది నేను, చలి కాచుకున్నది ఆవిడ. ఆ "ఒకటే బిల్లు కొట్టండి" అన్నమాట నా కౌంటర్ దగ్గర అంటే ఏం పోయింది?

పిల్లలూ, ఈ ఉద్యోగంలో బండిలో ఉన్న కాకరకాయ మీద ఎన్ని జోకులైనా వేసుకోండి. బిల్లు మీద వెయ్యకండి. ఒక ఇంటి నెల ఖర్చు ఎంతో ఆ ఇంట్లోవాళ్లలోనే ఒకరికి తెలియకపోవచ్చు. అది తెలియకుండా ఉండటం మీదే ఆ ఇల్లు నడుస్తుండవచ్చు.

బెండకాయల దగ్గర

దీపావళి అయ్యాక ఓనరు గారు నన్ను పిలిచారు. విజయక్క రెండు బిల్లులు కొట్టి టైము వేస్ట్ చేస్తోందని అంతకుముందే ఆయనకి చెప్పి ఉన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకున్నట్టున్నారు.

"మీ లైనులో జనం నవ్వుతారు సత్తిబాబు గారూ. ఆవిడ లైనులో కొంటారు. రెండు బిల్లులు కొట్టించుకున్న ఇల్లు ఇంకో స్టోరుకి పోదు, తెలుసా మీకు?"

తెలుసు. చూస్తూనే ఉన్నాను కదా.

అలా కూరగాయల వైపు వచ్చిపడ్డాను. బెండకాయల మీద "తుంచరాదు" అని మూడు భాషల్లో బోర్డు ఉంటుంది. దాని కిందే నిలబడి ప్రతి తెలుగువాడూ ప్రతి బెండకాయ కొసా తుంచి చూస్తాడు. మొదట్లో పోట్లాడేవాణ్ణి. తర్వాత వదిలేశాను. ఏ తప్పూ చెయ్యకుండా కూర కొనమంటే మనవాళ్లకి రుచించదు. గోంగూర కట్టలు రెండు తీసుకుని, ధర చూసి ఒకటి వెనక్కి పెట్టిన చేతిని అక్కడే మొదటిసారి చూశాను. కౌంటర్‌లో ఉన్నన్నాళ్లూ వెనక్కి పెట్టేసినవి నాకు కనిపించలేదు. అలాంటి చేతులకి రెండో కట్ట మీద పసుపు స్టిక్కర్ అంటించి సగం ధరకి ఇచ్చేవాణ్ణి. జోకు వెయ్యకుండా. ఆ అలవాటు ఎవరిని చూసి నేర్చుకున్నానో నా నోటితో చెప్పను.

రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. వంకాయల పక్క నుంచి చూస్తే రెండో కౌంటర్ తిన్నగా కనిపిస్తుంది. లైను ఎంత పొడుగుందో ప్రతి శనివారం చూశాను. ఇంకా పెరిగింది.

ఇదంతా రాసి మొన్న వరలక్ష్మికి చదివి వినిపించాను. పెట్టెలోంచి ఆఖరి బంగినపల్లి తీసి ముక్కలు కోస్తూ శ్రద్ధగా వింది. హారిక దగ్గర కళ్లు కూడా తుడుచుకుంది. ఎలా ఉందని అడిగాను.

"బాగుంది" అంది. "మన ఇంటికి మూడొందలని రాశారు చూడండి, అదొక్కటీ కొట్టేసి, అసలు ఎంతో విజయక్కని అడిగి రాయండి. చెప్పదనుకోండి."